ఓటు – పసిడి

దువ్వాడ పరిసరాలలో ఉక్కు కార్మికుల కుటుంబాలు ఎక్కువ. ఇనుముతో బతుకు సాగించే ఆ ఇండ్లలోనూ ఆడపిల్ల పెండ్లి మాట వచ్చేసరికి లెక్క తులాలలోకి మారుతుంది. అందుకే ఎన్నికల ప్రకటన వెలువడగానే బంగారం పెరుగుతుందా, తగ్గుతుందా అన్న చర్చ మొదలవుతుంది. ఆ ఆందోళన సహజమే. కాని, జవాబు పోలింగు కేంద్రంలో దొరకదు.

మన దేశం పసిడిని చాలావరకు దిగుమతి చేసుకొంటుంది. అంతర్జాతీయ విపణి, రూపాయి మారకపు విలువ, దిగుమతి సుంకం దాని ధరను నిర్ణయిస్తాయి. వీటిలో నేరుగా ప్రభుత్వం చేతిలో ఉన్నది సుంకమొక్కటే. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు జరిగింది. జూన్ 4న ఫలితాలు వెలువడ్డాయి. కొనుగోలుదారుల లెక్కను మార్చినది మాత్రం జూలై 23 నాటి కేంద్ర బడ్జెట్టు. అది బంగారం, వెండిపై సుంకాన్ని 15 నుండి 6 శాతానికి తగ్గించింది. ధర ఆనాడే జారింది.

ఎన్నికల వేళ అసలు చిక్కు కొనుగోలులో ఉన్నది. ప్రవర్తనా నియమావళి అమలులో ఉండగా 50,000 రూపాయలకు మించిన నగదును ఆధారపత్రాలు లేకుండా తీసుకొనిపోతే తనిఖీలో పట్టుకొంటారు. ఓట్లు కొనేవారి కోసం పన్నిన ఆ వలలో, నగల కోసం గాజువాకకు బయలుదేరిన తండ్రి కూడా చిక్కుతాడు.

ఇక అంతర్జాతీయ విపణిని మన ఓటు కన్న అమెరికా ఓటే ఎక్కువగా కదిలిస్తుంది. 2024 నవంబరు 5న అక్కడ అధ్యక్ష ఎన్నిక జరిగిన మరునాడు డాలరు బలపడి, పసిడి దాదాపు 3 శాతం దిగింది. 2025 అక్టోబరులో అదే పసిడి ఔన్సు 4,000 డాలర్లు దాటింది. నవంబరు తగ్గుదలను నమ్మి, ఇంకా దిగుతుందని పెండ్లి నగల కొనుగోలును వాయిదా వేసిన ఇంటివారికి ఆ ఏడాది జాప్యం ఖరీదెంతో దుకాణంలోని ధరల పలకే చెప్పింది.