తాళం వేసిన కంప్యూటర్ గది ఎవరి కోసం?



చెడిపోయిన కంప్యూటర్లు తీసెయ్యమని అడగడం కూడా పోరాటమేనా అని కొందరు నవ్వుతున్నారు. ముమ్మాటికీ పోరాటమే అంటున్నాం మేము. ఎందుకో చెప్తాం, ఓపిగ్గా చదవండి.

మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఎన్నో చోట్ల కంప్యూటర్ గది ఉంది, దానికి తాళమూ ఉంది. లోపల దుమ్ము కొట్టుకుపోయిన మానిటర్లు, ఉబ్బిపోయిన యూపీఎస్ బ్యాటరీలు, ఎలుకలు కొరికిన వైర్లు. ఒక్కటీ ఆన్ అవ్వదు. కానీ స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం అన్నీ బతికే ఉన్నాయి! కొత్తవి అడిగితే "మీ బడికి ఆల్రెడీ ఇచ్చాం కదా" అంటారు. అంటే చచ్చిన మిషన్లు కాగితం మీద బతికుండి, మన పిల్లలకి రావాల్సినవాటికి అడ్డం పడుతున్నాయి.

దీని వల్ల పోయేదేంటి? ఎంసెట్ ఆంధ్రలో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీదే. జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ పేపర్ 2019 నుంచి అంతే. పట్నం పిల్లాడు వంద మాక్ టెస్టులు రాసి వస్తాడు. మన పిల్ల పరీక్ష హాల్లోనే మౌస్ పట్టడం నేర్చుకోవాలా? తర్వాత ర్యాంకు రాకపోతే "ఏజెన్సీ పిల్లలకి తెలివి తక్కువ" అంటారు. తెలివి కాదు తక్కువైంది, ఆన్ అయ్యే కంప్యూటర్!

హెడ్మాస్టర్లని తిట్టి లాభం లేదు. పాత సామాను తీసేస్తే రేపు ఆడిట్‌లో తమ మెడకే చుట్టుకుంటుందని వాళ్ళ భయం. ఆ భయానికి మందు నిబంధనల్లోనే ఉంది. కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 217వ నిబంధన చూడండి. వస్తువు పనికిరాదని తేలితే, కొనే అధికారం ఉన్నవాళ్ళు కారణాలు రాసిపెట్టాలి, కావాలంటే కమిటీ వేయొచ్చు. అది కేంద్రానిది, రాష్ట్రాల పద్ధతి రాష్ట్రాలకుంది. అయినా దారి ఒకటే: కమిటీ వేసి, చూసి, సంతకం పెట్టడం. ఆ సంతకం పెట్టాల్సింది పైవాళ్ళు. పెట్టకుండా కూర్చుంది కూడా వాళ్ళే.

అలాగని పాత ఇనుప సామాను వాడికి తూకానికి అమ్మేస్తే ఊరుకుంటామా? ఊరుకోం. పాత డబ్బా మానిటర్ గాజులో సీసం ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీలో సీసం, యాసిడ్ రెండూ ఉంటాయి. రాగి కోసం వైర్లు కాల్చేది మన ఊరి పక్కనే, ఆ పొగ పీల్చేది మన పిల్లలే, ఆ నీళ్ళు పారేది మన వాగులోకే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏడాదిలో వెయ్యి, అంతకుమించి ఇలాంటి పరికరాలు వాడే సంస్థ, వాటి వ్యర్థాలని రిజిస్టరైన వాళ్ళకే అప్పజెప్పాలి. ఒక్క బడికి వెయ్యి ఉండకపోవచ్చు. వందల బడులు నడిపే శాఖ ఆ మాట అనగలదా?

ఇంకో సంగతి, దానాలు. పట్నంలో ఆఫీసులు వాడి వదిలేసినవి తెచ్చి, బ్యానర్ కట్టి, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. ఆర్నెల్లకి అవి మూలన పడతాయి. మంచి కండిషన్‌లో ఉన్నవి, రిపేరు బాధ్యతతో ఇస్తే చేతులెత్తి దండం పెడతాం. చెత్త దించుకోడానికి మాత్రం మన బడి డంపింగ్ యార్డు కాదు!

పాతదంతా పారెయ్యమని కూడా అనట్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 పట్టదన్న వంకతో రేపు బాగున్నవి కూడా మూలన పడేస్తారు, చూస్తుండండి. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌కి ఒక ఎస్ఎస్‌డీ తగిలించి, తేలికపాటి లైనక్స్ వేస్తే మాక్ టెస్టులకి, టైపింగ్‌కి చక్కగా పనికొస్తుంది. కేరళలో కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా సొంత సిస్టమ్ తయారుచేసి ప్రభుత్వ బడులకిచ్చింది. అక్కడ అయ్యింది మన దగ్గర ఎందుకు అవ్వదు?

మా డిమాండ్లు నాలుగు:

1. ప్రతి బడిలో ఉన్నవన్నీ ఆన్ చేసి చూసి బాగున్నవి, బాగయ్యేవి, పోయినవి అని మూడుగా విడగొట్టాలి. ఆ లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టాలి.
2. పోయినవాటిని ఈ విద్యా సంవత్సరంలోనే రిజిస్టర్ నుంచి తీసేసి, రిజిస్టరైన రీసైక్లర్‌కి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇచ్చేముందు హార్డ్‌డిస్కులు చెరపాలి. వాటిలో పిల్లల ఆధార్, కుల ధృవపత్రం, బ్యాంకు వివరాలు ఉంటాయి.
3. తీసేసిన ప్రతి దానికీ బదులు వచ్చే తేదీ రాసివ్వాలి. తేదీ లేకుండా తీసుకెళ్తే ఖాళీ గదే మిగులుతుంది.
4. కొత్తవి కొన్నప్పుడే రిపేరు ఖర్చు, మళ్ళీ మార్చే ఏడాది లెక్కలో వేయాలి.

ఇప్పుడు మన పని. ఎవరు చదివిన బడికి వాళ్ళు వెళ్ళండి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఆన్ అవుతున్నాయి, చివరిసారి ఎప్పుడు తీసేశారు, ఈ మూడు ప్రశ్నలు సమాచార హక్కు దరఖాస్తులో రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే. ఆ కాగితం పట్టుకుని గ్రీవెన్స్ రోజున ఐటీడీఏ పీఓ గారి దగ్గరికి అందరం కలిసి పోదాం.

మీ బడి పేరు, ఆన్ అయ్యే కంప్యూటర్ల సంఖ్య కింద రాయండి. సున్నా అయితే సున్నా అనే రాయండి, సిగ్గు మనది కాదు.

జై ఆదివాసీ!