వస్తాయన్నారా, వచ్చేవన్నారా?

ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అనగానే మన కోచింగ్ సెంటర్లలో ఒక పట్టిక చేతిలో పెడతారు. విల్ ఉంటే వుడ్, క్యాన్ ఉంటే కుడ్, ఈజ్ ఉంటే వాజ్. ఎందుకండీ అంటే "సెడ్ అని పాస్ట్‌లో ఉందిగా" అంటారు. పాఠం అయిపోయింది! ఇది బట్టీ కొట్టి మార్కాపురం, కంభం, గిద్దలూరు నుంచి హైదరాబాదూ బెంగుళూరూ చేరిన మావాళ్ళు క్లయింటుకి మెయిల్ రాసేటప్పుడు తడబడితే, "తెలుగు మీడియం కదా" అని నవ్వేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. తప్పు మీడియంది కాదు, ఆ పట్టికది అని నా వాదన.

మా వైపు అందరికీ కంఠతా వచ్చిన వాక్యమే తీసుకుందాం. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైమాటే. వాటిని జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. మధ్యలో ఇన్నేళ్ళూ మేం విన్నది ఒకటే: "ఇఫ్ ది టన్నెల్ ఈజ్ కంప్లీటెడ్, వాటర్ విల్ కమ్." పట్టికలో వేసి తిప్పండి. "హి సెడ్ దట్ ఇఫ్ ది టన్నెల్ వాజ్ కంప్లీటెడ్, వాటర్ వుడ్ కమ్." వ్యాకరణపరంగా వంక పెట్టడానికి లేదు. కానీ ఆయన పూర్తయితే వస్తాయని హామీ ఇచ్చాడా, లేక పూర్తయితే కదా వచ్చేది అని పెదవి విరిచాడా? పెదవి విరిచే వాక్యంలో ముందే వాజ్, వుడ్ ఉంటాయి, రిపోర్ట్ చేసినా అవి మారవు. ఆశ పెట్టినవాడూ ఆశ వదులుకున్నవాడూ ఒకే వాక్యంలో తేలారు!

తెలుగులో ఈ గొడవ లేదు. "పూర్తయితే వస్తాయన్నాడు" అంటాం. చెప్పిన మాట చెప్పినట్టే ఉంచి చివర 'అని' కలుపుతాం. "రేపు వస్తానన్నాడు"లో 'వస్తాను' కూడా చెక్కు చెదరదు. జరగనిదానికి "నీళ్ళు వచ్చి ఉంటే పంట పండేది" అని వేరే రూపమే ఉంది. అంటే పలకల ఊళ్ళో పలక పట్టిన పిల్లాడికి కూడా ఈ తేడా ఇంట్లోనే వచ్చు. మాస్టారు అక్కడ మొదలుపెట్టి, "ఆ షరతు ఇంకా తేలాల్సి ఉందా, తేలిపోయిందా?" అని అడిగితే చాలు. పట్టిక తర్వాత ఇవ్వొచ్చు.

మన ఆఫీసుల సంగతి చూడండి. "క్లయింట్ సెడ్ ఇఫ్ ది బిల్డ్ ఫెయిల్డ్, దే వుడ్ రోల్ బ్యాక్." రాత్రి పదకొండింటికి ఈ మెయిల్ చూసినవాడు బిల్డ్ ఫెయిలయిందనుకుని పరిగెత్తడూ? ఫెయిల్స్, విల్ అని రాసుంటే హాయిగా నిద్రపోయేవాడు. షరతు ఇంకా తేలనప్పుడు అలా ఉంచెయ్యొచ్చని మంచి ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలే ఒప్పుకుంటాయి. కాబట్టి ఇంటర్వ్యూలో విల్‌ని వుడ్ చెయ్యలేదని మా కుర్రాళ్ళకి మార్కులు కోసే పెద్దలు ముందు ఆ పుస్తకాలు తిరగేస్తే బావుంటుంది.