మన్నులోని వన్నెలు

అనంతపురపు మెట్టను చూచినవారు, “ఇచ్చట రాళ్లు తప్ప ఏమున్నవి?” అందురు. వాన కురియని నేలను తూలనాడుట సులభము. కాని 2022 వరకు అనంతపురము జిల్లాలోనుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షికి పోయి, వీరభద్రాలయ మండపమున తలయెత్తి చూచినవారు ఆ మాట మరల అనజాలరు. 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, చిత్రకారులు సున్నపుపూతపై కిరాతార్జునీయమును, పార్వతీ పరిణయమును, వన్నెల అంచుల చీరలను చిత్రించిరి. ఎరుపునకు జేగురు, పసుపునకు పచ్చమన్ను, నలుపునకు మసి, తెలుపునకు సున్నము!

మన్నునకు ఎరుపు నిచ్చునది ఇనుము. అందు నీరు కూడియున్నచో పసుపు. పచ్చమన్నును కాల్చినచో నీరు విడిచి ఎర్రనగును.

పాఠశాలలలో చిత్రలేఖనమనగానే అంగడి రంగులపెట్టెను తెమ్మనుట వాడుకైనది. కొనలేని బాలుడు వెనుకబల్లపై ఊరకే కూర్చుండును. ఇది న్యాయమా? ఎర్రమన్నును దంచి నీట కలిపి, ఇసుక అడుగంటగానే పైనున్న ఎర్రనీటిని వేరొక పాత్రలోనికి వంచవలెను. అది పేరుకొన్న పిదప తేటను పారబోసి, అడుగును ఎండబెట్టి, మెత్తగా నూరి, తుమ్మబంక నీటితో కలిపినచో రంగు సిద్ధము. మన్నులో నీలము దొరకదు, నిజమే. ఆకాశమునకు పెట్టెనే తెరువవచ్చును. కాని ఎర్రనేలను చిత్రించుటకు ఆ నేలనే ఏల వాడరాదు? గంపెడు అక్కరలేదు, పిడికెడు చాలును. అదియు చేనిగట్టునుండి కాక, ఇంటి పునాదికై త్రవ్విన గుంటనుండి తీసికొనవలెను.