ఊపిరి లెక్క

అండమాన్ దీవులలోని స్వరాజ్ ద్వీపమున, స్కూబా శిక్షణలో రెండవనాటి ఉదయమున, 18 మీటర్ల లోతున పగడపు దిబ్బ ప్రక్కగా తేలుచుండగా, ఒక సముద్రపు తాబేలు తొందర యన్నది యెరుగని నడకతో నా ముందునుండి సాగిపోయెను. దాని వెంట నేనును సాగితిని. ఎంతసేపు సాగితినో చెప్పజాలను. భుజముపై చేయి పడగా తిరిగి చూచితిని. శిక్షకుడు తన అరచేతిపై రెండు వ్రేళ్ళానించి చూపుచుండెను. గాలి యెంత యున్నదని ఆ సంజ్ఞకు అర్థము. ప్రక్కను వ్రేలాడుచున్న గేజిని చేతిలోనికి తీసికొనగా, దిగునపుడు 200 బార్లు చూపిన ముల్లు 70 వద్ద నిలిచియుండెను. ఒడ్డు చేరిన పిదప, విశాఖపట్టణము వాడైన ఆ యువకుడు నన్ను మందలింపక, తడిసూటు విప్పుకొనుచు మెల్లగా ననెను: "గాలి ఊరికే అయిపోదండీ. మనం చూసుకోవడం మానేస్తాం, అప్పుడు అయిపోతుంది."

నీటి అడుగున విహరించువారి పరికరములలో రానున్న నూతన కల్పనలను గూర్చి యేమి చదివినను, ఏమి వినినను, నేడు నేను ఆ యువకుని మాటనే తూనికరాయిగా పెట్టుకొని తూచుచున్నాను. ఇంకను లోతునకు దింపు యంత్రమును, ఇంకను చాలసేపు నిలుపు యంత్రమును మెచ్చుకొనువారు మెచ్చుకొందురు గాక. మనిషి చూచుట మరచిన క్షణమున వానికి బదులుగా చూచి, వానికిని వాని సహచరునకును చెప్పగల పరికరమే మనకు ముందుగా కావలసినదని నా నమ్మకము.

ఆ నమ్మకమునకు ఆధారము చిన్న గణితము. మెల్లగా ఈదుచున్న మనిషి నీటిపైన నిమిషమునకు 20 లీటర్ల గాలి పీల్చు ననుకొందము. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగుటచేత 20 మీటర్ల అడుగున ఒత్తిడి మూడింతలగును. ప్రతి ఊపిరికి సిలిండరు నుండి వెడలు గాలియు మూడింతలై, నిమిషమునకు 60 లీటర్లగును. 11 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి 2,200 లీటర్లు. అందు 50 బార్ల పాలు ఆపత్కాలమునకై విడిచిపెట్టగా మిగులునది 1,650 లీటర్లు. అనగా 27 నిమిషములు. భయపడినచో, ప్రవాహమునకు ఎదురీదినచో, అందులో సగమే. నీటిలోని మనిషికి కాలమును కొలుచునది గడియారము కాదు, వాని రొమ్ము. ఇద్దరు మనుష్యుల లెక్క ఒక్కటి కాదు; ఒక్క మనిషి లెక్కయే నిన్నటికిని నేటికిని ఒక్కటి కాదు.

ఈ విద్య చరిత్రను చూచినను ఇదియే తోచును. 1943లో ఫ్రాన్సు దేశము జర్మనుల ఆక్రమణలో నుండి పెట్రోలు దుర్లభమైన దినములలో, కార్లను వాయువుతో నడుపుటకై ఎమీల్ గాన్యా అను ఇంజనీరు సిద్ధపరచిన కవాటమును, నౌకాదళాధికారియైన జాక్ ఈవ్ కూస్తో శ్వాసకు పనికివచ్చునట్లు మార్పించెను. మార్న్ నదిలో జరిగిన తొలి పరీక్షలో, మనిషి నిటారుగా నున్నపుడు గాలి వృథాగా వెలువడి, తలక్రిందైనపుడు అందుట కష్టమయ్యెను. గాలి వచ్చు చోటును, విడిచిన గాలి పోవు చోటును దగ్గరగా ఒకే మట్టమున నమర్చగా ఆ దోషము తీరెను. నేటి రెగ్యులేటరునకు మూలము ఆ సవరణమే. కాని ఆ తరమువారు చాలమంది, గాలి యెంత మిగిలెనో తెలుపు గేజి లేకయే దిగుచుండిరి. ఊపిరి బిగుసుకొనినపుడు వీపుప్రక్కనున్న కడ్డీని క్రిందికి లాగినచో, నిలువ యుంచిన కొద్దిపాటి గాలి విడుదల యగుచుండెను. దిగునపుడే ఆ కడ్డీ యెందులోనో చిక్కుకొని క్రిందికి జారియున్నచో, చేయి చాచి లాగిన క్షణమున, లేని నిలువకై లాగినట్లగుచుండెను. ముల్లు గల గేజి ఆ కడ్డీని తొలగించినది. అది యెవరిని గాని ఒక్క మీటరైనను అదనపు లోతునకు దింపలేదు. ఎందరినో యిండ్లకు చేర్చినది.

నత్రజని విషయమును అంతియే. లోతున రక్తమాంసములలో కరగిన నత్రజని, తొందరపడి పైకి వచ్చినచో బుడగలై కీళ్ళను, వెన్నుపామును బాధించునని తెలిసిన పిదప, జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై పరీక్షలు చేసి 1908లో ఆరోహణ పట్టికలను ప్రకటించెను. డెబ్బదియైదేండ్లకు, అనగా 1983 ప్రాంతమున, ఆ పట్టికల పని డైవరు వెంట దిగు కంప్యూటరుగా వచ్చి, పిదప మణికట్టు మీదికి చేరెను. జ్యూరిచ్ నగరమున ఆల్బర్ట్ బ్యూల్‌మన్ రూపొందించిన లెక్కయే నేటికిని ఎన్నో కంప్యూటర్ల లోపల నడుచుచున్నది. అయినను సామాన్యముగా ఆ యంత్రమునకు తెలిసినది లోతు, కాలము, పీల్చు వాయువు మాత్రమే. ధరించినవాడు ఇరువదియేండ్ల యువకుడో, అరువదియేండ్ల రక్తపోటు రోగియో, రాత్రి నిద్రలేనివాడో, దాహముతో నున్నవాడో దానికి తెలియదు.

డైవర్ల రక్షణకై పాటుపడు డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పక్షమున 1992 నుండి 2003 వరకు జరిగిన 947 వినోద విహార మరణములను పరిశోధించి 2008లో ప్రకటించిన అధ్యయన మొకటి కలదు. ఆపదకు తొలి మెట్టేదో నిర్ణయింప వీలైన సందర్భములలో 41 శాతమున గాలి చాలకపోవుటయే కారణము. ఎక్కడనో చిక్కుకొనుట 20 శాతము. పరికరమునకు సంబంధించిన చిక్కులు 15 శాతము. దేహమును కూల్చినది ఊపిరాడకపోవుట 33 శాతమున, ఊపిరితిత్తుల నుండి రక్తములోనికి గాలి చొరబడుట 29 శాతమున, గుండె జబ్బు 26 శాతమున. ఈ అంకెలను మొదటిసారి చదివిననాడు నాకా తాబేలు జ్ఞాపకమునకు వచ్చినది. రెగ్యులేటరును ఇంకను తేలికగా, ఇంకను అందముగా చేయుటకు తయారీదార్లు పడు శ్రమలో కొంతభాగమైనను ఆ 41 శాతము వైపు మరలవలదా?

కొంత మరలినది; అది నాకు సంతోషము. సిలిండరు ఒత్తిడిని మణికట్టునకు రేడియో ద్వారా పంపు చిన్న పరికరములు చాలకాలముగా నున్నవి. పీల్చు వేగమును బట్టి ఇంకెన్ని నిమిషముల గాలి మిగిలెనో అవి చెప్పగలవు. కాని రేడియో తరంగము ఉప్పునీట కొలది అడుగులలోనే చచ్చిపోవును. తన మణికట్టునకు చేరును గాని సహచరుని మణికట్టునకు చేరదు. శబ్దమట్లు కాదు, అది నీట సెకనుకు ఇంచుమించు 1,500 మీటర్ల వేగమున పోవును, చాల దూరమును పోవును. గార్మిన్ సంస్థ ధ్వని తరంగములతో పనిచేయు పరికరమును తెచ్చి, పది మీటర్ల మేర నున్న తోడివారి గాలి యొత్తిడిని కూడ చూచుకొనుటకు వీలు కల్పించినది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్య శ్యామ్ గొల్లకోట ప్రయోగశాలవారు 2022లో చూపినది ఇంకను ముచ్చటైనది: కొత్త యంత్రమేదియు చేర్చక, నీరు చొరని సంచిలో నుంచిన సామాన్యపు స్మార్ట్ ఫోను యొక్క స్పీకరు, మైకులతోనే, డైవర్ల చేతి సంజ్ఞలకు సరిపోలు 240 సందేశములను 30 మీటర్ల దూరము వరకు పంపగలిగిరి, అత్యవసర సంకేతము 100 మీటర్ల వరకు పోయెను. మరుసటి యేడు, డైవర్ల జట్టు నాయకుని ఫోను తక్కినవారందరు ఎక్కడెక్కడ నున్నారో గుర్తించు పద్ధతిని చూపిరి.

శిక్షకుడొకడు నలుగురు కొత్తవారిని వెంటబెట్టుకొని దిగి, ఒకరి వైపు చూచునంతలో మరియొకడు తాబేలు వెంట పోవుట నా స్వానుభవము గనుక, ఈ పరిశోధనలను నేను వింతవస్తువులుగా నెంచను. ప్రతి శిక్షకుని మణికట్టు మీద నలుగురి గాలియు, నలుగురి జాడయు నిరంతరము కనబడు దినము రావలెను. అందులకు విజ్ఞానమున అడ్డేమియు కనబడదు. అడ్డు వర్తకమున నున్నది. ఏ దుకాణపు సిలిండరునకైనను ఏ సంస్థ రెగ్యులేటరైనను బిగియునట్లు, కవాటముల కొలతలు ఏనాడో రెండు మూడు తరగతులుగా స్థిరపడినవి. గాలి వార్తను మోయు ధ్వనికి మాత్రము అట్టి ఉమ్మడి భాష యింకను ఏర్పడలేదు. ఇద్దరు మిత్రులు రెండు సంస్థల పరికరములు కట్టుకొని దిగినచో, ఒకని ఆపద రెండవవాని యంత్రమునకు వినబడదు. ప్రాణమునకు సంబంధించిన ఈ ఒక్క సమాచారమునైనను అందరు తయారీదార్లు ఒకే భాషలో చెప్పవలెనని నియమము చేయుట న్యాయము.

ఇక గాలిని పొదుపు చేయు మార్గమును గూర్చి. మనము పీల్చు గాలిలోని నూటికి 21 పాళ్ళ ప్రాణవాయువులో దేహమునకు పట్టునది నాలుగైదు పాళ్ళు. తక్కినది బుడగలై పైకి పోవును. విడిచిన ఊపిరిని పారవేయక, సోడాలైము నింపిన డబ్బాగుండ నడిపి, బొగ్గుపులుసుగాలిని తీసివేసి, తగ్గిన ప్రాణవాయువును మాత్రము చేర్చి మరల నోటికందించు రీబ్రీదరు, పలువురనుకొనునట్లు నేటి వింత కాదు, కూస్తోకంటె పాతది. 1878లో హెన్రీ ఫ్లూస్ దానిని కల్పింపగా, 1880లో ఇంగ్లండునందు సెవర్న్ నదిక్రింది రైలు సొరంగము నీట మునిగియున్నపుడు, అలెగ్జాండర్ లాంబర్ట్ అను డైవరు దానిని ధరించి, కటిక చీకటిలో వేయి అడుగులు నడచి ఇనుప తలుపును మూసివచ్చెను. బుడగలు లేవు గనుక చేపలు బెదరవు. చిన్న సిలిండరుతో గంటల కాలము గడచును. విహార యాత్రికులకు సైతము దీనిని అందుబాటులోనికి తేవలెనని పదునైదేండ్లకు పైగా ప్రయత్నము జరుగుచున్నది. నేనిక్కడ ఆగి హెచ్చరింపవలసియున్నది.

ఊపిరాడనట్లు మనకు తోచునది ప్రాణవాయువు తగ్గినందున గాదు, బొగ్గుపులుసుగాలి పెరిగినందున. రీబ్రీదరు ఆ రెండవదానిని తీసివేయుచునే యుండును గనుక, ఏదో లోపముచేత ప్రాణవాయువు సన్నగిల్లుచున్నను, ధరించినవానికి హాయిగానే యుండును. హాయిగా నుండగనే స్పృహ తప్పును. సామాన్యపు రెగ్యులేటరు చెడినచో పెద్దరొదతో చెడును, మనిషి మేల్కొనును. ఈ యంత్రము మౌనముగా చెడును. 1998 నుండి 2010 వరకు జరిగిన 181 రీబ్రీదరు మరణములను పరిశీలించిన ఆస్ట్రేలియా వైద్యుడు ఆండ్రూ ఫాక్, అపాయము సామాన్య పరికరముకంటె సుమారు పదిరెట్లని అంచనా వేసెను. ప్రాణవాయువును కొలుచు పాత రసాయనిక ఘటములు తయారైననాటి నుండియే క్షీణించును. మూడింటిని పెట్టి, రెండు చెప్పినది నిజమని నమ్ముట వాడుక, కాని మూడును ఒకే వయసువైనచో మూడును కలిసి తప్పు చెప్పవచ్చును. ఇప్పుడు కాంతితో కొలుచు కొత్త సాధనములు, అంత త్వరగా క్షీణింపనివి, వచ్చుచున్నవి. స్వీడను దేశపు పొసైడన్ వంటి సంస్థలు వీనిని వాడుచున్నవి. ఇవి నమ్మకముగా నిలిచి, బొగ్గుపులుసుగాలిని కొలుచు సాధనము కూడ ప్రతి యంత్రమునను తప్పనిసరియైన నాడు ఈ విషయమున నా అభిప్రాయమును మార్చుకొందును. అంతవరకు, సెలవుదినముల వినోదమునకై దిగువారికి రీబ్రీదరు తగదు.

నీటినుండియే ప్రాణవాయువును పిండు కృత్రిమ మొప్పల మాట కొద్ది వాక్యములలో తేల్చవచ్చును. సముద్రజలము లీటరులో కరగియున్న ప్రాణవాయువు సుమారు 5 మిల్లీలీటర్లు. ఈదుచున్న మనిషికి నిమిషమునకు లీటరు వరకు కావలెను. అనగా అంతయు పిండగలిగినను నిమిషమునకు 200 లీటర్లు, పదునైదు బిందెల నీరు, నోటి ముందునుండి ప్రవహింపవలెను. 2016లో ట్రైటన్ అను పేర, నోట కరచుకొను చిన్న సాధనముతో ఈ పని చేయుదుమని ప్రకటించి జనులవద్ద ధనము సేకరించినవారు, విమర్శలు వచ్చిన పిదప, దానిలో ద్రవరూపమైన ప్రాణవాయువు కూడ నింపవలసి యున్నదని ఒప్పుకొనిరి. ద్వైపాయన హ్రదమున జలస్తంభనముచే దాగిన సుయోధనుని కథ మనకున్నది. దానిని కథగానే యుంచుకొందము.

చూపుదోషమునకు తగిన అద్దముల ముసుగులు, పెట్రోలియపు రబ్బరునకు బదులు చెట్టుపాలతో చేసిన సూట్లు, ఇవి మంచివే. నీటిపై తేలుచు బ్యాటరీతో నడచి గొట్టముద్వారా గాలినందించు చిన్న కంప్రెసర్లను మాత్రము, శిక్షణ లేనివారికి అమ్ముట నాకు భయము గొలుపుచున్నది. పది మీటర్ల లోతున నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో రొమ్ములోని గాలి రెండింతలు కాజూచును, ఊపిరితిత్తులు చినుగును. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లెక్కలోని 29 శాతము ఆ జాతి మరణములే.

గుండెను, రక్తమునందలి ప్రాణవాయువును నీటిలోపలనే కనిపెట్టు సాధనములకై నేను ఎదురుచూచుచున్నాను. ఛాతీపట్టీతో గుండె వేగమును చూపు కంప్యూటర్లు ఇదివరకే యున్నవి. పైకి వచ్చిన పిదప మెడ క్రింది సిరలోని బుడగలను ధ్వనితో కనిపెట్టు పరికరమును ఫ్రెంచివారు తెచ్చిరి. నడివయసు దాటిన తరువాత ఈ వినోదమునకు వచ్చువారును మన దేశమున నున్నారు గనుక ఇది మనకు చాల అవసరము.

ఇవన్నియు వచ్చులోపల, రుషికొండయందో, మురుడేశ్వరము దగ్గరి నేత్రాణి దీవియందో, స్వరాజ్ ద్వీపమునందో దిగబోవు పాఠకులను నేను కోరునది యొక్కటి. సొమ్ము చెల్లింపకమునుపే గేజిని మీ చేతిలోనికి తీసికొనుడు. ముల్లు 200 వద్ద నున్నదో లేదో మీ కన్నులతో చూడుడు. అది 100 వద్దకు వచ్చినపుడు చూపవలసిన సంజ్ఞ యేదో శిక్షకు నడిగి, ఒడ్డుననే ఒకమారు చేసి చూపి, పిదప నీటిలో దిగుడు.