ఘంటసాల గొంతు మధ్యలో నిలబడాలి!

సినిమా పెడితే హాలు అదిరిపోవాలి. పాట పెడితే మనసు కుదుటపడాలి. ఈ రెండు పనులూ ఒకే హోమ్ థియేటర్ రిసీవర్ చేస్తుందా? ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. నా జవాబు: చేస్తుంది. కాకపోతే సినిమా చూసి కాదు, పాట విని కొనాలి. బాంబు పేలే శబ్దంలో తేడా వస్తే మన చెవి పట్టుకోలేదు. ఎందుకంటే నిజం బాంబు మనమెవరం వినలేదు కదా! మనిషి గొంతు అలా కాదు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. కాస్త తేడా వచ్చినా ఇట్టే దొరికిపోతుంది.

అవనిగడ్డలో మా బాబాయ్ వాళ్లింట్లో ఇదే పంచాయితీ నడిచింది. తమ్ముడికి యాక్షన్ సినిమాలు కావాలి. బాబాయ్‌కి ఘంటసాల పద్యాలు కావాలి. హాలు ఒక్కటే, డబ్బు కూడా ఒక్కసారే పెట్టగలరు. తమ్ముడు నాకు వాట్సాప్‌లో ఓ ఫొటో పంపి, "అన్నయ్యా, ఐదు స్పీకర్ల సెట్టు, వెయ్యి వాట్లు! ఆఫర్ ఆదివారం దాకానే. తీసేసుకోనా?" అన్నాడు.

"ఆగరా, ఆ వెయ్యి ఏ లెక్కో చూడు" అన్నాను.

అట్ట మీద పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెను పట్టించుకోకండి. రిసీవర్ కంపెనీలు ఇచ్చే లెక్కలోనూ తిరకాసు ఉంటుంది. ఒక్క ఛానెల్ మాత్రమే నడుస్తుండగా, 6 ఓమ్స్ దగ్గర, 10 శాతం వక్రీకరణతో కొలిస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది వేరు: రెండు ఛానెళ్లూ కలిసి నడుస్తుండగా, 8 ఓమ్స్ దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు ఎన్ని వాట్లు? అక్కడ 80 కనిపిస్తే మన హాలుకు చాలు. పైగా 50 వాట్ల నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది రెట్టింపు కాదు, కొంచెం ఎక్కువ, అంతే.

ఇక అసలు పరీక్ష. ఇది మన ప్రాంతం వాళ్లకే బాగా కుదిరిన పరీక్ష. ఘంటసాల 1922లో గుడివాడ తాలూకా చౌటపల్లిలో పుట్టారు, 1974లో కన్నుమూశారు. ఆయన సినిమా పాటల్లో ఎక్కువ భాగం మోనోలోనే రికార్డయ్యాయి. 'మాయాబజార్' వచ్చింది 1957లో. స్టీరియో ఎల్పీలు ప్రపంచ మార్కెట్లోకి విరివిగా దిగింది ఆ మరుసటి ఏడు. మోనో అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకటే శబ్దం. స్పీకర్లు రెండూ సమానంగా ఉండి, మీరు వాటికి సరిగ్గా ఎదురుగా కూర్చుంటే, గొంతు ఏ స్పీకర్‌లోంచీ రాదు. రెండింటి మధ్య ఖాళీలో, మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. గొంతు పక్కకు జరిగినా, పలచబడి గోడంతా పాకినా ఎక్కడో తేడా ఉన్నట్టే. వైరు ప్లస్సు, మైనస్సు తిరగబడిందా, ఒక స్పీకర్ మూలకు నక్కిందా, ఏదైనా సెట్టింగ్ మారిందా అని చూసుకోండి.

మేం ఓ స్నేహితుడి రిసీవర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తెచ్చి బాబాయ్ హాల్లో ఈ పరీక్షే పెట్టాం. నాకూ తమ్ముడికీ గొంతు మధ్యలోనే ఉంది. బాబాయ్ మాత్రం, "ఎడమ పక్కన పాడుతున్నాడురా" అన్నారు. స్పీకర్లు అటుదిటు మార్చాం. "ఇప్పుడూ ఎడమ పక్కనే" అన్నారు. ఆయన్ని కుర్చీతో సహా సరిగ్గా మధ్యకు జరిపాం. అదే మాట. అప్పుడర్థమైంది, తేడా డబ్బాలో లేదు. పిన్ని వంటింట్లోంచి, "ఆర్నెల్ల నుంచీ కుడిపక్క నించుని పిలిస్తే పలకట్లేదు. నా మీద అలకేమో అనుకున్నా" అంది.

మర్నాడు బందరు తీసుకెళ్లి చెవి డాక్టరుకు చూపించాం. అదృష్టం బాగుంది, గట్టిపడిన గుబిలి. తీసేశారు. ఆ సాయంత్రం పద్యం పెడితే బాబాయ్ చెయ్యెత్తి సరిగ్గా మధ్యకు చూపించారు. అందుకే చెప్తున్నా, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఓ మోనో పాట వినిపించండి. గొంతు ఒక పక్కకే ఉందంటే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే అసలు ఆలస్యం చేయొద్దు.

సరే, రిసీవర్‌లో ఇంకేం చూడాలి? మొదటిది డైరెక్ట్ మోడ్. పాటకు అనవసరమైన సరౌండ్ హంగులు తీసేసి రెండు స్పీకర్లకే పంపుతుంది. చాలా మోడళ్లలో ఇది నొక్కితే గది దిద్దుబాటు కూడా ఆగిపోతుంది. అందుకే మామూలు స్టీరియో మోడ్‌తోనూ పోల్చి వినండి, ఏది నచ్చితే అదే. రెండోది ఆ గది దిద్దుబాటే. డెనాన్‌లో ఆడిస్సీ, యమహాలో వైపావో అంటారు. మైకు పెట్టి హాలును కొలుస్తుంది. మూడోది ప్రీ-అవుట్. రేపు డబ్బు కూడితే పాటల కోసం విడిగా ఓ మంచి ఆంప్లిఫయర్ తగిలించుకోవచ్చు. నాలుగోది వై-ఫై. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపితే పాట మరోసారి కుదించుకుపోతుంది. వై-ఫైలో ఆ బాధ లేదు.

మన దివిసీమ, బందరు వైపు మరో శత్రువు ఉంది, ఉప్పుగాలి. రాగి వైరు చివరలు పచ్చగా చిలుమెక్కుతాయి. ఏడాదికోసారి విప్పి, పాడైన కొస కత్తిరించి, కొత్తగా బిగించండి. బంగారు పూత ప్లగ్గులంటూ వేలకు వేలు చెప్తే మోసపోకండి. రోల్డ్ గోల్డ్ ఊరి వాళ్లకు పూత సంగతి ఒకరు చెప్పాలా! పూత తుప్పును ఆపుతుంది, పాటకు తీపి పెంచదు.

స్లాబు ఇల్లు, టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉంటే ఎంత ఖరీదైన రిసీవరైనా బావిలో పాడినట్టే ఉంటుంది. మందపాటి కర్టెన్లు వేయండి, నేల మీద ఓ బొంత పరవండి. డబ్బు ఖర్చు లేకుండా వచ్చే మార్పు ఇదే. రిసీవర్‌ను టీవీ షోకేసులో కుక్కకండి, అది వేడెక్కుతుంది. పైన జానెడు ఖాళీ వదలండి.

చివరికి మా తమ్ముడు ఐదు స్పీకర్ల సెట్టు మానుకున్నాడు. ప్రీ-అవుట్ ఉన్న రిసీవర్ ఒకటి, మంచి స్పీకర్లు రెండే తీసుకున్నాడు. మిగతావి వచ్చే పంట డబ్బులకి. మీరూ బడ్జెట్‌లో సగానికి పైగా స్పీకర్లకే పెట్టండి. షాపుకు వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన పాటలు మూడు ఫోన్లో డౌన్‌లోడ్ చేసి పట్టుకెళ్లండి. ఒకటి ఘంటసాల మోనో, ఒకటి ఇళయరాజా స్టీరియో, ఒకటి మీ ఇష్టం. వాళ్లు పెట్టే డెమో వీడియో అయ్యాక, మీ పాట పెట్టమనండి. కాదంటే ఇంకో షాపు చూసుకోండి.