ఎముక పుట్టించే వైద్యం: ఆశ ఎంత, అప్పు ఎంత?

మా క్యాంపులో కరీంనగర్ వైపు తమ్ముడు ఒకడున్నాడు. షట్టరింగ్ పనిలో పైనుంచి పడి మోకాలి కింద బొక్క విరిగింది. లోపల రాడ్ వేశారు. పది నెలలైనా అతుకు పడలేదు. సెలవు మీద ఇంటికి పోతే ఎవరో చెప్పారట: "స్టెమ్ సెల్ ఇంజక్షన్ వేయిస్తే రెండు నెలల్లో కొత్త ఎముక పుడుతుంది, మూడు లక్షలు అవుతుంది" అని. "అన్నా, అప్పు తెచ్చి చేయించుకోనా?" అని ఫోన్ చేశాడు. నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ని, డాక్టర్ని కాదు. దొరికింది చదివి, తెలిసిన డాక్టరుగారిని అడిగి అతనికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఎత్తు మీద పనిచేసే మనలో ఎవరికైనా రేపు ఈ ప్రశ్న రావచ్చు.

ఎముక కూడా కాంక్రీటే

ఎముకలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి. అవి మన స్టీలు కడ్డీలు అనుకోండి. వాటి చుట్టూ హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం, ఫాస్ఫేట్ల ఖనిజం ఉంటుంది. అది సిమెంటు. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఖనిజమే. కాంక్రీటుకూ ఎముకకూ తేడా ఒక్కటే. స్లాబ్ పగిలితే దానంతటది అతుక్కోదు, ఎముక అతుక్కుంటుంది. విరిగిన చోట రక్తం గడ్డకడుతుంది, కణాలు చేరతాయి, మెత్తటి అతుకు పడుతుంది, అది నెమ్మదిగా గట్టిపడుతుంది.

అయితే నూటికి 5 నుంచి 10 విరుగుళ్లు అతుక్కోకుండా ఉండిపోతాయని వైద్య పుస్తకాలు చెబుతాయి. తొమ్మిది నెలలు గడిచి, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతే దాన్ని 'అతుకు పడని విరుగుడు' అంటారు. చర్మం చీలి ఎముక బయటికి రావడం, చీము పట్టడం, రాడ్ వదులు కావడం, షుగరు, సిగరెట్టు దీనికి ముఖ్య కారణాలు.

పాత వైద్యం ఇంకా పోలేదు

ఇలాంటప్పుడు డాక్టర్లు ఎక్కువగా చేసేది తుంటి ఎముక నుంచి ముక్కలు తీసి విరిగిన చోట పెట్టడం. మన ఎముకే కాబట్టి శరీరం కాదనదు. కానీ దొరికేది కొంచెమే. తీసిన చోట ఇంకో గాయం, ఇంకో నొప్పి. ఎముక పెద్ద ముక్కే పోతే ఇలిజరోవ్ రింగులున్నాయి. సోవియట్ యూనియన్‌లోని కుర్గాన్‌లో గావ్రిల్ ఇలిజరోవ్ అనే డాక్టర్ కనిపెట్టాడు. బయట రింగులు బిగించి, ఎముకను కోసి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే ఆ సందులో కొత్త ఎముక పెరుగుతుంది. నెలల తరబడి రింగులు మోయాలి. నిజమే, కానీ పనిచేస్తుంది.

పరంజా, కూలీలు, సూపర్‌వైజర్

కొత్త పరిశోధన మన సైట్ లెక్కలోనే నడుస్తుంది. ఖాళీ ఉన్న చోట ముందు పరంజా కావాలి. దాన్నే బయోమెటీరియల్ అంటున్నారు. హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్, బయో గ్లాస్‌లతో స్పంజిలాగా చిల్లులున్న దిమ్మెలు చేస్తారు. కొత్త ఎముక వచ్చేకొద్దీ వాటిలో చాలావరకు దానంతటదే కరగాలి. ముందే కరిగితే కూలుతుంది, ఆలస్యమైతే ఎముకకు అడ్డం పడుతుంది. సెంట్రింగ్ తొందరపడి విప్పితే స్లాబ్ గతి ఏమిటో మనకు చెప్పాలా?

తర్వాత కూలీలు, అంటే కణాలు. తుంటి మూలుగలో ఎముక కట్టగల కణాలు కొద్దిగా ఉంటాయి. వాటిని తీసి నేరుగా వాడతారు, లేదా ల్యాబ్‌లో వారాల తరబడి పెంచి వాడతారు. ఇక వాటికి ఆర్డర్ ఇచ్చే సూపర్‌వైజర్ ప్రొటీన్లు. ఎముకలోనే ఎముకను పుట్టించే పదార్థం ఉందని 1965లో అమెరికా డాక్టర్ మార్షల్ యూరిస్ట్ చూపించాడు. దాని నుంచే బీఎంపీ అనే మందులు వచ్చాయి.

ఇన్ని ఉన్నా రక్తనాళాలు రాకపోతే అంతా వృథా. రోడ్డు లేని సైట్‌కు కంకర ఎలా చేరుతుంది? పెద్ద ఖాళీల్లో మధ్యలోని కణాలు ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. పరిశోధన ముందుకు సాగకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఫలితాలు ఏం చెబుతున్నాయి?

2001లో యూరప్ డాక్టర్లు ముగ్గురు రోగులకు పెంచిన కణాలను హైడ్రాక్సీఅపటైట్ దిమ్మెలతో కలిపి పెట్టారు, ముగ్గురూ కోలుకున్నారు. 2005లో ఫ్రాన్స్‌లో అతుకు పడని 60 మందికి వారి మూలుగ నుంచే చిక్కబరిచిన కణాలు ఎక్కిస్తే 53 మందికి అతుకు పడింది. పడని ఏడుగురిలో ఆ కణాల సంఖ్య తక్కువని తేలింది. 2019లో వెలువడిన యూరప్ పరీక్షలో 28 మందిలో 26 మందికి ఏడాదికల్లా ఎక్స్‌రేలో అతుకు కనబడింది.

వినడానికి బాగుంది. కానీ ఈ మూడింటిలోనూ మామూలు తుంటి ఎముక వేసిన ఇంకో గుంపును పక్కన పెట్టి పోల్చలేదు. పోల్చకపోతే కొత్తది మేలా, పాతదే చాలా అన్నది తేలదు. ఇందులో బీఎంపీ కథ ఒక పాఠం. అమెరికాలో 2002లో వెన్నెముకకు, 2004లో కాలి ఎముక విరుగుళ్లకు అనుమతి వచ్చింది. 2008లో మెడలో వాడితే ప్రాణం మీదికి తెచ్చే వాపు వస్తోందని ప్రభుత్వమే హెచ్చరించింది. నష్టాలను తక్కువ చేసి రాశారని 2011లో వైద్య పత్రికలోనే విమర్శ వచ్చింది. అనుమతి ఉన్న మందు సంగతే ఇది. అనుమతి లేనిదాని మాట ఏమనాలి?

డబ్బు కట్టే ముందు అడగండి

మన దేశంలో 2017 నాటి జాతీయ స్టెమ్ సెల్ మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. కొన్ని కణ చికిత్సలకు అనుమతి వచ్చిన మాట నిజమే. 2022లో మోకీలు అరుగుదలకు ఒకదానికి ఇచ్చారు. కానీ ఒక జబ్బుకు ఇచ్చిన అనుమతి ఇంకో జబ్బుకు చెల్లదు. అందుకే నాలుగు ప్రశ్నలు అడగాలి. మీరిచ్చేదానికి ఈ జబ్బుకే కేంద్ర డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉందా? పరిశోధన అంటే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు ఏది? పరిశోధన అయితే నా దగ్గర డబ్బు ఎందుకు? చీము లేదని, రాడ్ వదులు కాలేదని పరీక్ష చేశారా? చీము ఉన్న చోట ఏ కణం వేసినా పునాది కింద బురదే.

చట్టం గడియారం, ఎముక గడియారం

ఇంకో మాట. యూఏఈలో 2022 నుంచి అమలైన కార్మిక చట్టం ప్రకారం పనిలో గాయపడితే, నయమయ్యే దాకా లేదా వైకల్యం తేలే దాకా వైద్యం ఖర్చు కంపెనీదే. జీతం మాత్రం మొదటి ఆరు నెలలు పూర్తిగా, తర్వాతి ఆరు నెలలు సగం. అతుకు పడలేదని డాక్టరు తేల్చేసరికే తొమ్మిది నెలలు. అప్పటికే సగం జీతంలో ఉంటాం, మిగిలింది మూడు నెలలు. చట్టం గడియారం కంటే ఎముక గడియారం నెమ్మది. ఈ నడిమి ఖాళీలోనే అప్పు ఇచ్చేవాడు, ఇంజక్షన్ అమ్మేవాడు దూరతారు.

కాబట్టి దెబ్బ తగిలిన రోజే ప్రమాదం రిపోర్టు రాయించండి. ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు కాపీలు తీసి పెట్టుకోండి. వైద్యం పూర్తికాకుండా "ఇంటికి పోయి చూపించుకో" అంటే, ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసిమ్మని అడగండి. మిగతా గల్ఫ్ దేశాల చట్టాలు వేరు, అక్కడివాళ్లు అక్కడి లెక్క కనుక్కోవాలి.

మా తమ్ముడు అప్పు తేలేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రికి పోతే ముందు చీము పరీక్షలు రాశారు, తర్వాత తుంటి ఎముక వేద్దామన్నారు. సిగరెట్టు మానమని గట్టిగా చెప్పారట. స్టెమ్ సెల్ పరిశోధన రేపు మన పిల్లలకు పనికొస్తుందని నాకు నమ్మకముంది. అది రుజువయ్యే దాకా మన మూడు లక్షలు మన దగ్గరే ఉండనివ్వండి.