సైకిలెక్కితే నామోషీనా?

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "అమ్మా, రేపట్నించి సైకిలు మీద వెళ్తానే" అంది. బడి మా ఇంటికి కిలోమీటరున్నర దూరం. నేను సరే అనేలోపే పక్కింటి పిన్నిగారు అందుకున్నారు. "ఆడపిల్ల చేత ఎండన పడి సైకిలు తొక్కిస్తావుటే? స్కూటీ కొనివ్వలేని వాళ్లా మీరు!" ఆవిడ ప్రేమకొద్దీ అన్నమాటే. కానీ మనలాంటి చిన్న ఊళ్లలో సైకిలు ఎందుకు వెనకబడిపోయిందో ఆ ఒక్క మాటలోనే ఉందనిపించింది.

మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న మార్కెట్ ఊరు. ఎక్కడా ఎత్తూ పల్లం లేని నేల. ఈ చివర్నించి ఆ చివరికి మూడు కిలోమీటర్లు దాటదు. యార్డు, కూరల మార్కెట్టు, బ్యాంకు, ఆసుపత్రి, బస్టాండు అన్నీ ఆ లోపలే. సైకిలు కోసమే కట్టినట్టుండే ఊరు! నా చిన్నప్పుడు వీధికో అద్దె సైకిళ్ల షాపుండేది. ఇప్పుడు ఒక్కటీ లేదు. సైకిలు మీద కనబడేది కూలికెళ్లే మనిషో, ఇంటింటికీ పాలు పోసే మనిషో. దాంతో సైకిలంటే 'లేనివాళ్ల బండి' అయి కూర్చుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలుంది. అంటే సైకిలు ఇళ్లలోంచి పోలేదు, దాని మీదున్న గౌరవం పోయింది.

పిన్నిగారు చెప్పిన స్కూటీ సంగతే చూద్దాం. పద్ధెనిమిదేళ్లు నిండనిదే మామూలు స్కూటరుకి లైసెన్సు ఇవ్వరు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అయినా పొద్దున్నే మా వీధిలో ముగ్గురేసి పిల్లలు ఒక్కో స్కూటీ మీద హెల్మెట్ లేకుండా దూసుకుపోతుంటారు. అది మనకి ముచ్చటగా కనిపిస్తుంది, సైకిలు మాత్రం నామోషీగా! ఇదెక్కడి న్యాయం?

ఈ నామోషీ పోవడం అసాధ్యమేం కాదు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లా కథ మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. 1991లో అక్కడ మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్లకి చదువుతో పాటు సైకిలు తొక్కడమూ నేర్పించారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని పట్టుదలగా ముందుకు తీసుకెళ్లారు. పొలం పనులు చేసుకునేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే కొనుక్కున్నారు. ముందు కడ్డీ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చని అదే మేలన్నవాళ్లూ ఉన్నారు. నీళ్లు తేవాలన్నా, సరుకు అమ్ముకోవాలన్నా మొగుడి కోసమో, బస్సు కోసమో ఎదురుచూడక్కర్లేకపోవడం వాళ్లకి చిన్న విషయమా?

బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోమని డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలో ఫలితం మరీ ఎక్కువట. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2017 ప్రాంతంలో 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు.

ఈ రెండు అనుభవాల్లోనూ నాకు కనిపించిన కిటుకు ఒకటుంది. ఒక్క ఆడపిల్ల సైకిలెక్కితే అందరూ వింతగా చూస్తారు. నలుగురేం అంటారోనని తల్లి భయపడుతుంది. అదే ఇరవైమంది ఎక్కితే, ఇక వింతేముంది? లారీవాడు కూడా కాస్త ఆగి దారిస్తాడు. వెకిలి కూతలు కూసేవాడికీ ధైర్యం చాలదు.

అయితే అంతా మన మనసుల్లోనే ఉందంటే అబద్ధమవుతుంది. చాలా ఏళ్ల తర్వాత నేనే ఓ రోజు సైకిలు తీసి కూరల మార్కెట్టుకి బయల్దేరాను. రోడ్డు అంచున ఇసక, మూత లేని కాలవ, సరుకు దించుతూ సగం రోడ్డు ఆక్రమించిన లారీలు. తీరా వెళ్లాక సైకిలు పెట్టడానికి చోటు లేదు. కూరలమ్మే ఆవిణ్ణి బతిమాలి ఆవిడ గంప పక్కన ఆనించాను. బేరమాడుతున్నంతసేపూ కళ్లు సైకిలు మీదే!

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. సంతోషమే. మన ఊళ్లకి అంత అక్కర్లేదు. మార్కెట్టు దగ్గరా, బ్యాంకు దగ్గరా చెట్టు నీడన గొలుసు వేసుకునేందుకు ఇనప కడ్డీల స్టాండు, కాలవకి మూతలు, బడి గంట కొట్టే వేళల్లో సరుకు లారీలు ఆపడం, సాయంత్రం వెలిగే వీధి దీపాలు. ఇవి కోట్ల పనులు కావు. వార్డు సభ్యుణ్ణి అడగగలిగినవే. ఓటడగడానికి వచ్చినప్పుడు సిమెంటు రోడ్డు గురించి నిలదీస్తాం కదా, సైకిలు స్టాండు గురించి ఎందుకు అడగం?

ఖర్చు మాటకొస్తే, సైకిలు మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. పెట్రోలు ఖర్చు ఎలాగూ లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలేలా శ్రమ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మార్కెట్టుకీ బ్యాంకుకీ సైకిలు మీద తిరిగితే అందులో చాలావరకు తీరిపోతుంది. వాకింగు కోసం విడిగా టైము దొరకని మనకి ఇంతకన్నా ఏం కావాలి?

చివరికి మా అమ్మాయిని ఒంటరిగా పంపలేదు. వీధిలో ఇంకో నలుగురు తల్లులతో మాట్లాడాను. ఇప్పుడు ఐదుగురు పిల్లలూ కలిసి గంటలు మోగించుకుంటూ వెళ్తున్నారు. పిన్నిగారి అభిప్రాయం పెద్దగా మారిందని చెప్పలేను. కానీ మొన్న మా అమ్మాయిని ఆపి, "చైనుకి కవరు వేయించుకోవే, చున్నీ పడుతుంది" అని జాగ్రత్త చెప్పారు.